పక్క సీటు బ్రేకు

డ్రైవింగ్ స్కూలు మాస్టారికి రెండు విషయాల్లో తిరుగులేని నమ్మకం. ఒకటి, తన ముఖం సినిమాకు పనికొస్తుందని. రెండు, ఇన్నేళ్ళలో తన బండికి ఒక్క గీత కూడా పడకపోవడానికి కారణం తన నోరేనని.

"బండి నడిపేవి కాళ్ళూ చేతులూ కాదు, చెవులు. నేను చెప్పేది వింటే చాలు," అని కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ మొదటి రోజే చెప్పేవారు. వాళ్ళు వినేవారు. తలుపులు వేసిన బండిలో పక్కనే కూర్చుని చెబుతుంటే వినక చస్తారా!

డ్రైవింగ్ స్కూలు బండ్లన్నిటికీ ఉన్నట్టే ఆ బండికీ పక్క సీటు ముందు, కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉంది. నేర్చుకునేవాళ్ళు కంగారుపడితే నేర్పేవాళ్ళు తొక్కి ఆపడానికి పెట్టింది. దాని మాట ఎత్తితే మాత్రం మాస్టారు చిన్నబుచ్చుకునేవారు. "రూలు ఉంది కాబట్టి పెట్టించాను. దాన్ని తొక్కి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు," అనేవారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం కాబట్టి ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు.

ముఖం సంగతి పరీక్షకు వచ్చింది మేనకోడలి వల్ల. ఆ పిల్ల కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. సెలవు దొరికితే షార్ట్ ఫిల్మ్ తీస్తుంది. అప్పటికి రెండు తీసింది. మొదటిదాని పేరు 'కాలం'. అందులో ఒక కుళాయి మొదటి నుంచి చివరిదాకా చుక్కచుక్కగా కారుతుంది. అది వేసిన రోజు హాల్లో ఒక పెద్దమనిషి మధ్యలో లేచి వెళ్ళి, బయట కుళాయిలన్నీ బిగించి వచ్చి కూర్చున్నాడు. రెండోది 'శూన్యం'. ఖాళీ గదిలో ఖాళీ కుర్చీ. ఆట ఇంకా మొదలవలేదనుకుని లైట్లు ఆర్పేవాడు లైట్లు ఆర్పనేలేదు. అయిపోయాక అందరూ "ఎప్పుడు మొదలు?" అని అడిగారు.

మూడోదాని కోసం ఆ పిల్ల ఒక సాయంత్రం స్కూలు ఆఫీసుకి వచ్చింది. ఆఫీసంటే మాస్టారి ఇంటి ముందు గదే. గోడ నిండా రోడ్డు గుర్తుల పటం, మూలన పాత స్టీరింగు చక్రం, బల్ల వెనక ఎవరు ఏ పూట రావాలో ఫోనులో చెప్పే మాస్టారి భార్య, ఆ పిల్లకి అత్తయ్య.

"మామయ్యా, నీ బండి కావాలి. నువ్వూ అత్తయ్యా కూడా కావాలి."

మాస్టారి చెయ్యి దానంతటదే మీసం మీదికి వెళ్ళింది. "కథేంటి?"

"ఒకావిడ బండి నడుపుతుంటుంది. పక్కన భర్త. రోజూ తిరిగే మలుపు వస్తుంది. ఆ రోజు తిరగదు. తిన్నగా వెళ్ళిపోతుంది. అంతే."

"అంతేనా? ఎక్కడికెళ్తుంది?"

"తెలీదు."

"పెట్రోలు ఎంతుంది?"

"మామయ్యా, ఇతివృత్తం పెట్రోలు కాదు. అలవాటు నుంచి బయటపడటం. అలవాటున్న మనిషి ఒక్క రోజు, ఒక్క మలుపు దగ్గర..."

"ఆగాగు. బ్రేకు ఫెయిలైందనుకో. అప్పుడు నేను తలుపు తీసుకుని దూకుతాను. దూకి, పరిగెత్తి, బండికి అడ్డంగా..."

"బ్రేకు బాగానే ఉంటుంది."

"పోనీ నాకో కవల తమ్ముడు?"

మేనకోడలు తల పట్టుకుంది. "చిన్న సినిమా జేబురుమాలు లాంటిది మామయ్యా. ఒక్క ఆలోచనే మూటగట్టగలం. రెండోది పెడితే మూట ఊడిపోతుంది."

"సరే, నా డైలాగులు?"

"లేవు. నువ్వు ఊరికే కూర్చోవాలి."

ఊరికే కూర్చోవడం! మాస్టారికి అది అవమానంగా తోచింది. అయినా ముఖం ఉండగా మాటలెందుకని కాసేపట్లోనే సర్దుకున్నారు. నిశ్శబ్ద నటనే అసలు నటన అని తనకి తానే చెప్పుకుని, ఒప్పేసుకున్నారు.

అప్పుడు బల్ల వెనక నుంచి అత్తయ్య అడిగింది. "అయితే బండి నేను నడపాలన్నమాట?"

ఆ ప్రశ్నకో చరిత్ర ఉంది. ఆవిడకి లైసెన్సు ఉంది. నేర్పింది మాస్టారే. కానీ పక్కన ఆయన లేకుండా ఆ బండి తాళం తిప్పిన రోజు ఆవిడ జీవితంలో లేదు. చేరడానికి వచ్చిన ఆడవాళ్ళు "నేర్పడానికి మేడమ్ ఎవరూ లేరా అండీ?" అని అడిగినప్పుడల్లా ఆవిడ కుర్చీలో కాస్త ముందుకు జరిగేది. మాస్టారు "చూద్దాం" అనేవారు. మాస్టారి 'చూద్దాం' ఎలాంటిదో ఇంటి వెనక సగం కట్టి వదిలేసిన ప్రహరీ గోడని అడిగితే చెబుతుంది.

మరీ నిలదీస్తే కారణం చెప్పేవారు. "నీ చెయ్యి తిరిగింది, కాదనను. కాలే ఇంకా లొంగలేదు. మలుపు కనిపిస్తే చాలు, బ్రేకు మీదికి పోతుంది." ఆవిడకి అనుమానం లేకపోలేదు. కానీ మాస్టారు అంత గట్టిగా చెబుతుంటే, చివరికి వంగి తన కాలి వంకే చూసుకునేది, అల్లరి చేసిన పిల్లవాణ్ణి చూసినట్టు.

షూటింగు పొద్దున్న బండి ఎక్కేముందు ఆవిడ మాస్టారిని ఆపింది. "ఏమండీ, ఒక మాట. ఇవాళ ఆ మలుపు దాటి బండిని ఆగకుండా తీసుకెళ్ళాననుకోండి. రేపటి నుంచి కొత్తగా చేరిన ఇద్దరు ఆడపిల్లలకీ నేనే నేర్పుతాను. సరేనా?"

"ఆగకుండా వెళ్తేనే," అన్నారు మాస్టారు.

"ఆగితే ఇంకెప్పుడూ అడగను."

అది విని మాస్టారికి ఒక్క క్షణం ఎందుకో గుబులు పుట్టింది. కానీ అప్పుడాయన ధ్యాసంతా అలంకారం మీద ఉంది. మీసానికి రంగు వేశారు. కొత్త చొక్కా తొడిగారు. బూట్లు అద్దంలా మెరిసేదాకా తుడిచారు. "బూట్లు కనపడవు మామయ్యా, ఎందుకంత శ్రమ?" అని మేనకోడలు అంటే, "నటుడు నఖశిఖపర్యంతం నటించాలి," అని కసిరారు.

గోదాముల వెనక ఖాళీ రోడ్డు. ఒక పక్క పసుపు గోడ, గోడ చివర ఎడమవైపు మలుపు. మేనకోడలు ఎదురుగా స్టాండు మీద ఫోను బిగించి, చెయ్యి ఎత్తి, దించింది. అత్తయ్య గేరు వేసింది. బండి వెన్నలా కదిలింది. మాస్టారు అద్దంలోంచి దూరంగా చూస్తూ, జీవితసారం తెలిసిన భర్తలా ముఖం పెట్టారు. పసుపు గోడ జరిగింది. మలుపు వచ్చింది.

బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. మాస్టారి జీవితసారం డ్యాష్‌బోర్డుకి కొట్టుకోబోయి తప్పించుకుంది.

"చూశావా? నీ కాలు," అన్నారాయన, నుదురు తడుముకుంటూ.

"నేను తొక్కలేదండీ."

"మరి బండికేమైనా భయమా ఆగడానికి?"

రెండోసారి బండి మలుపుకి ఇంకా కాస్త ముందే ఆగింది. మూడోసారి ఇంజనే ఆగిపోయి, మళ్ళీ అంటుకోవడానికి మొరాయించింది. ప్రతిసారీ మాస్టారు క్లచ్చు గురించి, ఓపిక గురించి, మనసుకీ మడమకీ ఉన్న సంబంధం గురించి చెప్పారు. మేనకోడలు రోడ్డు మీద కాలు కాలిన పిల్లిలా తిరిగింది. అత్తయ్య ప్రతిసారీ బండిని వెనక్కి తీసుకెళ్ళి గోడ మొదట్లో నిలిపింది.

"ఒక్కసారి ఆపుదాం," అంది చివరికి ఆవిడ. "నా వల్ల కావట్లేదేమో. మీ మామయ్య చెప్పిందే నిజమేమో."

ఆ మాట ఆవిడ నోట వినాలని మాస్టారు ఎన్నేళ్ళుగానో ఎదురుచూశారు. తీరా అన్నాక అంత రుచిగా అనిపించలేదు.

మేనకోడలు మాత్రం సినిమా తీసేవాళ్ళ జాతి. ఎదుటివాళ్ళ కష్టం కనిపిస్తే ముందు కెమెరా ఎక్కడ పెట్టాలా అని చూస్తుంది. "అత్తయ్యా, భయం ఉండేది ముఖంలో కాదు, కాళ్ళలో! నీ కాళ్ళు తీద్దాం. ఆ వణుకే నా సినిమా," అని గంతేసింది. అత్తయ్య వైపు పెడల్స్ దగ్గర ఫోను పెట్టడానికి చోటు లేదు. అందుకని అత్తయ్య ఫోను తీసుకుని మాస్టారి మోకాళ్ళ ముందున్న అర కింద, ఆవిడ కాళ్ళ వైపు తిప్పి, టేపుతో అంటించింది. "నువ్వు మామూలుగా కూర్చో మామయ్యా. నీకూ దీనికీ సంబంధం లేదు."

నాలుగోసారి కూడా బండి మలుపు దగ్గరే ఆగింది. "చూశావా? నీ కాలు," అన్నారు మాస్టారు మళ్ళీ. ఇద్దరూ దిగారు, ముగ్గురూ కలిసి ఫోనుని బానెట్ మీద పెట్టి, ఎండకి చేతులు అడ్డం పెట్టుకుని చూశారు.

తెరలో దూరంగా అత్తయ్య కాళ్ళు. ఒకటి క్లచ్చు పక్కన నిలకడగా, ఇంకోటి యాక్సిలరేటర్ మీద మెత్తగా. వణుకు లేదు, తడబాటు లేదు. తెరలో దగ్గరగా, సగం చోటు ఆక్రమించి, ఇంకో కాలు. మెరిసే బూటు. బండి కదిలింది. బూటు బొటనవేలి దగ్గర కాస్త లేచింది. కొంచెం ముందుకు జరిగింది. పక్క సీటు బ్రేకు మీద వాలి, పిల్లి పాల గిన్నె దగ్గర కూర్చున్నట్టు కూర్చుంది. తర్వాత ఎవరూ పిలవకుండానే, ఎవరినీ అడక్కుండానే, దాన్ని అడుగుదాకా తొక్కింది.

"ఈ కాలు ఎవరిది?" అన్నారు మాస్టారు.

ఎవరూ చెప్పాల్సిన అవసరం లేకపోయింది. ఆ బూటుకి పొద్దున్న అంత మెరుగు పెట్టిన చేతులు ఆయనవే.

"మళ్ళీ వెయ్యి," అన్నారు. మేనకోడలు మళ్ళీ వేసింది. బూటు మళ్ళీ అదే పని చేసింది. మాస్టారు తన కుడి కాలి వంక చూశారు. అది రోడ్డు మీద అమాయకంగా నిలబడి ఉంది. ఆయనకి తలకొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళలో ఈ బండిలో కూర్చుని "నీ కాలు, నీ కాలు" అని ఎంతమందిని అన్నారో గుర్తుకొచ్చింది. పరీక్షకి ఇంకా పనికిరావని తిప్పి పంపిన పోస్టుమాస్టరు గుర్తొచ్చాడు. ఏడుస్తూ మానేసిన టీచరమ్మ గుర్తొచ్చింది. అందరికంటే ముందు, పక్కనే నిలబడి ఉన్న మనిషి గుర్తొచ్చింది.

అత్తయ్య తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. తెర మీద తన కాళ్ళనే చూస్తూ ఉండిపోయింది.

"ఎంత బాగా పెట్టుకున్నానో చూడండి కాలు," అంది మెల్లగా. "ఇన్నాళ్ళూ పాపం దీన్ని అనుమానించాను."

మాస్టారు గొంతు సవరించుకున్నారు. ఎంత సవరించుకున్నా అందులోంచి ఏమీ రాలేదు. నోరే పెట్టుబడిగా బతికిన మనిషికి అది కొత్త అనుభవం.

మేనకోడలి కళ్ళు మాత్రం దీపాల్లా వెలుగుతున్నాయి. "మామయ్యా, నేను రాసుకున్న కథంతా చెత్త. అలవాటంటే ఇదీ! తను చేస్తున్నట్టు తనకే తెలియనిది. నేను దాన్ని ముఖాల్లో వెతుకుతున్నాను, అదేమో కింద కూర్చుని ఉంది." అంతలోనే ఆ పిల్ల మామయ్య ముఖం చూసి తగ్గింది. "కానీ నువ్వు వద్దంటే ఇప్పుడే తీసేస్తాను. నిజంగా."

తీసెయ్యమని చెప్పడానికి మాస్టారు నోరు తెరిచారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అనలేదు. ఆయన తొక్కినది అడుసు కాదుగానీ, కడుక్కోవడం మాత్రం తప్పేలా లేదు.

"ముందు ఆ మలుపు సంగతి చూడనీ," అన్నారు.

మేనకోడలు ఫోనుని మళ్ళీ అర కింద అంటించాక ఆయన బండి ఎక్కారు. తలుపు వేశారు. బూట్లు విప్పి వెనక సీట్లో పడేశారు. ఆ తర్వాత, అంత లావు మనిషి, ఆ చిన్న సీట్లో రెండు కాళ్ళూ పైకి లాక్కుని బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. కొత్త చొక్కా బొత్తాం ఒకటి తెగి ఎగిరింది.

"పోనీ," అన్నారు.

"పడతారేమో..."

"పడితే పడతాను. పోనీవే."

అత్తయ్య గేరు వేసింది. పసుపు గోడ జరగడం మొదలైంది. ఒళ్ళో ఉన్న కుడి కాలు కిందికి దిగాలని గింజుకుంది. మాస్టారు దాన్ని రెండు చేతులా పట్టుకున్నారు. మలుపు దగ్గరపడింది. ఆయనకి చెమట పట్టింది. ఆపు అనబోయి నాలుక కరుచుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి కళ్ళు తెరిస్తే పసుపు గోడ లేదు, మలుపు లేదు. బండి పోతోంది. అద్దంలో మేనకోడలు చిన్నదవుతూ, రెండు చేతులూ గాల్లో ఊపుతూ గెంతుతోంది.

"దాటేశాం. ఇక ఆపచ్చు," అన్నారాయన.

"ఆగకుండా వెళ్ళాలన్నారుగా మీరు," అంది అత్తయ్య.

గోదాములు దాటింది, పెట్రోలు బంకు దాటింది, పెద్ద రోడ్డెక్కింది. అక్కడ లారీలు ఉన్నాయి. మాస్టారి కాలు తిమ్మిరెక్కింది. ఆవిడ లారీని దాటేటప్పుడు అద్దం చూసింది, వెనక్కి చూసింది, లైటు వేసింది, ఆయన నేర్పినదాంట్లో ఒక్కటి వదిలిపెట్టలేదు. 'ఇంత బాగా నేర్పానా!' అని మాస్టారికి ముందు గర్వం వచ్చింది. దాని వెనకే సిగ్గు వచ్చింది. మళ్ళీ మేనకోడలి దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల గోడ నీడలో కూర్చుని ఉంది. "ఆ కాలు ముక్క కూడా సినిమాలో పెట్టుకో," అని చెప్పి మాస్టారు కుంటుకుంటూ దిగారు.

కాలు ముక్క 'కూడా' అన్నారు గుర్తుపెట్టుకోండి. మిగతాదంతా తన ముఖమే ఉంటుందని ఆయన లెక్క.

మర్నాటి నుంచి ఆ ఇద్దరు ఆడపిల్లలకీ అత్తయ్యే నేర్పింది. బండి వీధి చివర కనుమరుగయ్యేదాకా మాస్టారు గుమ్మంలో నిలబడి, అది తిరిగి వచ్చేదాకా అక్కడే ఉండేవారు. ఫోను మోగితే తీసి, ఎవరు ఏ పూట రావాలో తప్పుల తడకగా చెప్పేవారు. ఆ పని కూడా ఒక విద్యేనని ఆయనకి అప్పుడే తెలిసింది.

సినిమా వేసే రోజు మాస్టారు పాత శిష్యులందరినీ పిలిచారు. ముందు వరసలో మీసం మెలేసుకుని కూర్చున్నారు, పక్కన అత్తయ్య. ఈసారి లైట్లు ఆరాయి. తెర మీద పేరు పడింది: 'పక్క సీటు'. తర్వాత బూటు వచ్చింది.

బూటు పోతుందనీ, ముఖం వస్తుందనీ మాస్టారు ఎదురుచూశారు. బూటు పోలేదు. సినిమా అంతా ఆ బూటే. లేవడం, జరగడం, వాలడం, తొక్కడం, అదే ముక్క మళ్ళీ మళ్ళీ. పైనుంచి ఆయన గొంతు మాత్రం వినిపిస్తోంది. "చూశావా? నీ కాలు." హాలు గొల్లుమంది. మూడోసారి "నీ కాలు" అనేసరికి కుర్చీలు చప్పుడు చేశాయి. వెనక వరసలోంచి పోస్టుమాస్టరు లేచి నిలబడ్డాడు.

"అంటే ఆ రోజు కూడా నా కాలు కాదా మాస్టారూ?"

"కాదు, కూర్చోవయ్యా," అన్నారు మాస్టారు, వెనక్కి తిరక్కుండా. "క్షమించు. ముందు సినిమా చూడు."

చివరి షాట్ వచ్చింది. బూటు లేదు. మాస్టారి వైపు బ్రేకు ఒక్కటే ఉంది, రబ్బరు అరిగిపోయి. మాస్టారు చూస్తుండగానే బండి కదిలింది. బ్రేకు మీద ఎండ పడింది, పోయింది, మళ్ళీ పడింది. ఎవరూ దాన్ని తొక్కలేదు. దూరంగా అత్తయ్య కాళ్ళు తమ పని తాము చేసుకుంటున్నాయి. అంతే, ఇంకేమీ జరగలేదు. అయినా అంతసేపూ నవ్విన హాల్లో ఒక్కరు కూడా కదల్లేదు. మలుపు దాటిందో లేదో తెర మీద కనిపించదు. ఎండ పడటాన్ని బట్టి తెలుసుకోవాలి. అందరికీ తెలిసింది. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. మాస్టారు పక్కకి చూశారు. అత్తయ్య కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

బయట అందరూ మేనకోడలిని చుట్టుముట్టారు. "ముఖం ఒక్కసారైనా చూపించాల్సిందే," అని మాస్టారు గొణిగితే, "చూపించాను కదా మామయ్యా, అదే నీ ముఖం," అంది ఆ పిల్ల. ఆయన కోప్పడదామనుకుని, నవ్వేశారు.

బండి దగ్గరికి వచ్చాక తాళం అత్తయ్య చేతిలో పెట్టారు. అలవాటు ప్రకారం చుట్టూ తిరిగి ముందు తలుపు తీశారు. సీటు ముందు ఆ బ్రేకు కనిపించింది. కాసేపు చూసి, తలుపు వేసి, వెనక తలుపు తీసి కూర్చున్నారు. ఆ బండి కొన్నాక ఆయన వెనక సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి. అక్కడ స్ప్రింగు ఒకటి పొడుచుకొస్తోందని కూడా ఆయనకి అప్పుడే తెలిసింది. పాపం, ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఎవరిని విన్నారు గనక?

బండి కదిలింది. వీధి తిరిగింది. ఎదురుగా రద్దీగా ఉన్న మలుపొకటి వచ్చింది. బండి ఆగలేదు, చక్కగా తిరిగింది. ముందు అద్దంలోంచి అత్తయ్య ఆయన వంక చూసింది.

"కాలు తియ్యండి," అంది. "అక్కడ బ్రేకు లేదు. మ్యాటు చిరుగుతుంది."